నల్లచారలు లేని డాక్టరమ్మ

గవిరయ్య, బోడెయ్య అన్నదమ్ములు. మా టౌను నర్సింగ్ హోములో ఆటోక్లేవ్ వాళ్ళ చేతుల్లోనే ఉండేది. ఆటోక్లేవంటే ఏం లేదండీ, ఆపరేషన్ కత్తులకీ కత్తెరలకీ ఆవిరి పట్టే పెద్ద కుక్కరు. "మా బుర్రలో పావు వంతున్నా డాక్టరమ్మ ఈపాటికి మంత్రి అయ్యేది" అని టీకొట్టులో మీసాలు దువ్వేవారు మహానుభావులు!

పైడమ్మకి పిత్తాశయంలో రాళ్ళు. నొప్పికి మెలికలు తిరిగిపోతోంది. ఆపరేషనని పస్తు పడుకోబెట్టారు.

డాక్టరమ్మ అన్నదమ్ములకి టేపు ఇచ్చింది. "కత్తుల పొట్లాలకి ఇది అంటించి మిషన్లో పెట్టండి. ఆవిరి తగిలితే చారలు నల్లబడతాయి. నల్లచారలుంటేనే నా దగ్గరికి తేవాలి."

అంతే. పొట్లాలు నల్లచారలతో నిగనిగలాడుతూ వచ్చాయి. డాక్టరమ్మ ముట్టుకుంటే వేళ్ళు నల్లబడ్డాయి.

"కాటుకండీ! మా ఆవిడ భరిణంతా ఖాళీ అయింది" అన్నాడు గవిరయ్య గర్వంగా.

ఆపరేషన్ వాయిదా. పైడమ్మకి మళ్ళీ పస్తు.

డాక్టరమ్మ ఈసారి రెండు సీసాలిచ్చింది. "వీటిలో బతికున్న క్రిములున్నాయి. ఒకటి మిషన్లో పెట్టండి, ఆ క్రిములు చావాలి. రెండోది పెట్టొద్దు, అవి బతకాలి. క్రిములు బతికుంటే రంగు మారుతుంది, రేపు రెండిటి రంగూ చూస్తాను."

ఇంకేముంది! బతకాల్సిన వాటికి ఆకలేస్తుందని బోడెయ్య మూత తీసి గంజి పోశాడు. చచ్చినవాటిని గవిరయ్య పెరట్లో పాతిపెట్టి, తలంటు పోసుకొచ్చాడు.

"సీసాలేవిరా?"

"శవాన్ని ఇంట్లో ఉంచుకుంటామా అమ్మా? పైగా మైల. పదకొండు రోజులు మిషన్ ముట్టం."

"ఒరే నాయనా, నా మైల కూడా పట్టేట్టున్నారు కదరా!" అని ఏడ్చింది పైడమ్మ.

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. అన్నీ తనే చేసుకుంది. కొత్త సీసాలు పెట్టి, రంగులు సరిచూసి, పైడమ్మని బల్ల మీద పడుకోబెట్టింది. "మీరు గుమ్మం దగ్గర నిలబడండి చాలు. నల్లచారలు పడనిదేదీ లోపలికి పోకూడదు!" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఇద్దరూ అడ్డం. "మీ చారలేవండీ?"

"తప్పుకోండిరా!"

బోడెయ్య ఆవిడ నుదుటికి టేపు అంటించి చూశాడు. "నల్లబడలేదన్నా. పచ్చి డాక్టరు."

లోపల్నించి పైడమ్మ అరిచింది. "నాకు మాత్రం ఉన్నాయిట్రా చారలు? ఆవిణ్ణి రానివ్వండర్రా!"

"అరె, నిజమే!" అని అన్నదమ్ములు పైడమ్మని దుప్పటితో సహా ఎత్తి మిషన్ వైపు పరుగు. దాని మూత తెరిచేసరికి పైడమ్మ ఒక్క దూకు దూకింది. "రాళ్ళతోనైనా బతుకుతాను గానీ మీ చేతుల్లో ఉడకను!" అంటూ రోడ్డెక్కి, పెద్దాసుపత్రి బస్సు పట్టుకుంది.

అరగంటకి అన్నదమ్ములు టేపు అంటించిన దుప్పటిని పొగలు కక్కుతుండగా తెచ్చి ఆపరేషన్ బల్ల మీద పరిచారు.

"మనిషి పట్టలేదమ్మా. పట్టినంతవరకూ ఉడికించాం. చారలు చూడండి, ఎంత నల్లగా పడ్డాయో! ఇక కొయ్యండి."