కొమ్మ అన్నది, కుండ తమ్ముడిది

మా పేరిశాస్త్రులుగారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోరు. ఆవేళ ఆయన శిష్యుడు అచ్యుతం ఏదో ఊళ్ళో అన్నదమ్ముల పంపకం తగువు తీర్చి, పొంగిపోతూ వచ్చాడు. "కొట్టుకుచచ్చేవాళ్ళిద్దరూ ఒక్క మాట మీదికొస్తే, అంతకంటే ధర్మం ఏముంటుందండీ గురువుగారూ?" అన్నాడు. ఆయన చెంబు పక్కన పెట్టి ఈ సంగతి చెప్పారు.

గోదావరి కాలవలు తవ్విన కొత్తల్లో ఒకాయనకి పెద్ద మామిడి అంట్ల తోట ఉండేది. కుండల్లో పెంచిన పిల్లమొక్కలను మంచెలెక్కించి, మంచి చెట్టు కొమ్మకు చేర్చి కట్టేవారు. రెండూ అతుక్కునేదాకా కుండ ఎండకూడదు. ఆ ఏడు కట్లు కట్టించగానే ఆయన కాలం చేశాడు. చెట్లు పెద్దకొడుకు గవర్రాజుకీ, కుండలు చిన్నకొడుకు సత్తిరాజుకీ పంచారు. మరి సగం అతుక్కున్న అంట్లు ఎవరివి? ఆ ముక్క తేలలేదు. వానలా, మొహం చాటేశాయి.

ఆ కుండలకి నీళ్ళు మోసే నూకాలు కూలి అడిగింది. "కుండలు వాడివి, వాణ్ణే అడుగు" అన్నాడు అన్న. "చెట్లు ఆయనవి, ఆయన్నే అడుగు" అన్నాడు తమ్ముడు. దిక్కుమాలిన మనుషులు! పోనీ మానేద్దామంటే, అంట్లు చస్తే అమ్మకం లేదు, పాత కూలి కూడా గోదాట్లో కలిసినట్టే. ఇంట్లో మొగుడు మంచాన పడి ఉన్నాడు. అందుకని రెండు గడపలూ ఎక్కి దిగుతూనే, కడవ భుజానెత్తుకుని నిచ్చెనలెక్కుతూనే ఉంది. భుజం కాయ కాసింది. అంట్లు బతికాయి.

బేరగాళ్ళు పడవలేసుకొచ్చారు. డబ్బు కళ్ళబడగానే అన్నదమ్ములు చెరిసగం అనుకున్నారు. "ఇప్పుడైనా నా కూలి ఇప్పించండి బాబూ" అంది నూకాలు.

అంతవరకూ పలకరింపులు కూడా లేని ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నిన్ను నీళ్ళు పొయ్యమని నేను చెప్పానా?" అన్నాడు గవర్రాజు.

"నేనూ చెప్పలేదన్నయ్యా" అన్నాడు సత్తిరాజు.

తండ్రి పోయాక తమ్ముడు 'అన్నయ్యా' అని పిలవడం అదే మొదలు. అన్నకి కళ్ళనీళ్ళొచ్చాయి. అన్నదమ్ములు కలిశారని ఊరంతా సంబరపడింది.

"మరి నూకాలు ఏమైందండీ?" అన్నాడు అచ్యుతం.

"ఆ ఊళ్ళో ఎవరూ అడగలేదు నాయనా" అన్నారు శాస్త్రులుగారు. "నువ్వు తగువు తీర్చొచ్చిన చోట నీళ్ళు మోసిందెవరో కనుక్కున్నావా?"