పంజరంలోంచి పిలిచిన గొంతు

ఈ కథ మీ చెవిన పడి ఉండదు పిల్లలూ. మీరున్న చోట చెప్పేవాళ్లు లేరు. కాస్త దగ్గరికి జరగండి.

ఒక పెరట్లో సపోటా చెట్టు తొర్రలో చారలమ్మ అనే ఉడుత ఉండేది. దానికి పొన్ని ఒక్కతే కూతురు. ఒక సాయంత్రం ఇంటివాళ్లు ఎక్కడినుంచో పంజరం తెచ్చి వసారా కొక్కేనికి తగిలించారు. అందులో ఒక పెద్ద చిలక.

వాళ్లు లోపలికి వెళ్లాక వసారాలో ఎవరో ముసలాయన దగ్గాడు. చారలమ్మ తొంగి చూసింది. మనిషి లేడు. "అన్నం చల్లారిపోతోంది, రండి" అంది ఒక ఆడగొంతు. ఆవిడా లేదు. చిలక ముక్కు మాత్రం కదులుతోంది.

"పాత ఇంటివాళ్ల గొంతులు చెల్లెమ్మా," అంది మెట్టు మీద పడుకున్న గండుపిల్లి. "వాళ్లు పోయారట. గొంతులు మిగిలాయి. ఎంత మెత్తని మాటో చూడు. పొన్నిని పంపు, జామపండు ముక్క కూడా ఉంది."

"నువ్వు ఎవరినైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది అన్నా."

"అనుమానం పెనుభూతం," అని పిల్లి ఒళ్లు విరుచుకుంది.

కొన్నాళ్లకి చారలమ్మ తొర్రలో పిల్ల తోక దువ్వుతుంటే, వసారాలోంచి చారలమ్మ గొంతే వినిపించింది.

"పొన్నీ, రావే తల్లీ. గింజలు తెచ్చాను."

పొన్ని తల్లి మూతి వంక చూసింది. అది కదల్లేదు.

"అమ్మా, నువ్వు అక్కడ కూడా ఉన్నావా?"

చారలమ్మ పిల్లని గట్టిగా పట్టుకుని కొమ్మ చివరికి తెచ్చింది.

"మాట వినకు. కన్ను చూడు."

చిలక కంటిపాప మిరియమంత అవుతోంది, అంతలోనే ఆవగింజంత అవుతోంది. మెడ మీది ఈకలు నిక్కబొడుచుకున్నాయి. తోక విసనకర్రలా విచ్చుకుంది.

"అది భయపడుతోందే. మనల్ని ఎరగదు. భయపడ్డ ముక్కుకి మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఉండరు."

"మరి ఎప్పుడు వెళ్దాం?"

"ఈకలు దించి, దానంతట అది మనవైపు జరిగినప్పుడు. అందాకా కనపడేలా ఇక్కడే కూర్చుందాం."

పూలకుండీ వెనక నక్కిన గండుపిల్లికి ఓపిక నశించింది. చారలమ్మ పిలుపుని రోజూ పంజరం కింద కూర్చుని చిలకకి నేర్పింది అదే మరి. పిల్ల దిగితే పట్టుకుందామని దాని ఎత్తు.

"ఇంకొంచెం తియ్యగా పిలవవే," అంటూ పంజరం ఎక్కి, కమ్మీల్లోంచి కాలు దూర్చి చిలక తోక పొడిచింది.

"రా నాన్నా, రా," అంది చిలక ముసలాయన గొంతుతో, ముద్దుగా.

మచ్చికైందనుకుని పిల్లి కాలు ఇంకాస్త లోపలికి పెట్టింది. ముక్కు కత్తెరలా మూసుకుంది. పిల్లి పెట్టిన అరుపు పెరడంతా విన్నది.

ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారు. ఆనాటి నుంచి పొద్దువాలితే పంజరంలోంచి గండుపిల్లి అరుపే వచ్చేది, అచ్చు దాని గొంతే. ఎక్కడ నక్కినా అది వినగానే పిల్లి తన కాలు ఉందో లేదో తడుముకునేది.

చాలా రోజుల తర్వాత చిలక ఈకలు దించి, కొమ్మ వైపు జరిగి, ఎవరి గొంతూ కాకుండా తన గొంతుతో "కీ" అంది. అప్పుడు పొన్ని ఒక్క అడుగు వేసింది.

చిలక పలుకు విని చెయ్యి చాపకు, చిలక కన్ను చూసి అడుగు వెయ్యి.

కొత్త పంజరం ముందు వేలు చాపి నిలబడ్డ పిల్లలు కనిపిస్తే, ముందు ఆ వేలు వెనక్కి తీయించి, తర్వాత ఈ కథ చెప్పండి.