మట్టి అంటని ఏనుగు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి పక్కన ఒక రాజ్యం. ఎంత రాజ్యమంటే, రాజుగారు ఈ కొసన తుమ్మితే ఆ కొసన ఉన్నవాళ్ళు "చిరంజీవ" అనేంత. ఇంతకన్నా పెద్ద రాజ్యం చెప్పొచ్చు గానీ, పెద్దవాటిలో నేను దారి తప్పుతాను.

ఆ రాజు పేరు చిత్రభానుడు. ఆయనకొక పట్టపుటేనుగు ఉండేది. దాని పేరు కరిమబ్బు.

ఏటా ఎండాకాలంలో ఊరివాళ్ళు ఏటి గట్టు మీద కొత్తమట్టి పోసేవారు. కరిమబ్బు ఆ మట్టిని తొక్కి గట్టిపరిచేది. పొద్దున్నే ఏట్లో నీళ్ళు తాగేది. ఒళ్ళంతా బురద చల్లుకునేది. గట్టు ఈ కొస నుంచి ఆ కొసకు తొక్కుకుంటూ పోయేది. ఎండ ముదిరితే చింతచెట్ల నీడకు చేరేది. అదీ దాని బతుకు.

ఒక ఏడు పెద్ద వరద వచ్చింది. గట్టు ఒకచోట కోసుకుపోసాగింది. కరిమబ్బు వెళ్ళి ఆ గండికి అడ్డంగా నిలబడింది. దాని వెనక ఊరు ఊరంతా గంపలతో మట్టి పోసింది. తెల్లారేసరికి వరద తీసింది. ఊరు బతికింది.

రాజుగారి కళ్ళు చెమర్చాయి. ఆయనది మంచి మనసు. మంచి మనసుకు తొందరెక్కువ. నిలబడ్డచోటే శాసనం చేసేశాడు.

"నేటి నుండి కరిమబ్బు పని చేయరాదు! దాని పాదాలకు మట్టి అంటరాదు! అంటించినవారు ఊరు విడువవలెను!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనక్కడ ఉంటే నేనూ కొట్టేవాణ్ణే. పని చెప్పకుండా తిండి పెడతామంటే చప్పట్లు కొట్టకుండా చేతులు కట్టుకు కూర్చునే రకం కాదు నేను.

కరిమబ్బు కోసం రాతిపలకల సాల కట్టించారు. పలకల మీద తివాచీ పరిచారు. పూటపూటా పన్నీటి స్నానం. గంట కొడితే నెయ్యి పొంగలి. ఏట్లో దిగే పని లేదు, ఎండ మొహం చూసే పని లేదు.

ఏడాది గడిచింది. కరిమబ్బు తిండి తగ్గించింది. తర్వాత గంట కొట్టి నోట్లో పెడితే తప్ప తినేది కాదు. చర్మం పొట్టు రేగింది. కాళ్ళు బిగుసుకున్నాయి. గోడకు ఆనుకుని నిలబడేది. నీరసించిన ఏనుగు ఒకసారి కూలబడిందంటే మళ్ళీ లేవడం కష్టం. ఆ సంగతి మావటి సింగడికి తెలుసు. అందుకే వాడు దాన్ని వదిలి కదిలేవాడు కాదు.

రాజు వైద్యులను పిలిపించాడు.

మొదటి వైద్యుడు కడుపు చూశాడు. "మందాగ్ని, ప్రభూ" అని శొంఠి లేహ్యం ఇచ్చాడు. రెండో వైద్యుడు కీళ్ళు చూశాడు. "వాతం, ప్రభూ" అని తైలం ఇచ్చాడు. మూడో వైద్యుడు చర్మం చూశాడు. "పైత్యం, ప్రభూ" అని చందనం పూయించాడు. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురూ చదువుకున్నవాళ్ళే. ఎవరి ముక్క వాళ్ళు సరిగ్గానే చెప్పారు. ముక్కలన్నీ కలిపితే ఒక ఏనుగవుతుందని మాత్రం ఎవరికీ తోచలేదు.

అప్పుడు సాలలోకి కొత్త కుండలు తెచ్చింది గవరమ్మ. ఆమె ఊరి కుమ్మరి. ఎవరికైనా ఒంట్లో వేడి చేస్తే కడుపు మీద తడిమట్టి పట్టీ వేసేది. ఒక పూట తిండి మానమనేది. పొద్దెక్కకముందే లేచి నడవమనేది.

"ఏం సింగయ్యా, మీ ఏనుగేమిటి ఇలా అయిపోయింది?"

"ఏం చెప్పను అక్కా. ముగ్గురు వైద్యులు చూశారు."

"ముగ్గురు చూశారు సరే. ఎవరన్నా అడిగారా దాన్ని?"

ఆ రోజుల్లో ఏనుగులు మాట్లాడేవి. అడిగేవాళ్ళే తక్కువ. గవరమ్మ కుండ బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఏమ్మా, నీళ్ళెప్పుడు తాగుతావు?"

"తెచ్చినప్పుడు" అంది కరిమబ్బు.

"తిండెప్పుడు తింటావు?"

"గంట కొట్టినప్పుడు."

"మరి పొద్దున్నే ఎందుకు లేస్తావు?"

కరిమబ్బు గంట వైపు చూసింది.

"నేను లేవడం లేదమ్మా. లేపుతున్నారు."

గవరమ్మ తిన్నగా రాజు దగ్గరకు వెళ్ళి దండం పెట్టింది.

"ప్రభూ, మూడు కోరికలు. మొదటిది, ఆ నెయ్యి పొంగలి ఆపించండి. దాని కడుపుకు కాస్త ఊపిరి ఆడాలి."

వంటవాడు గుండె పట్టుకున్నాడు. రాజు "సరే" అన్నాడు.

"రెండోది, పన్నీరు మాని ఏటినీళ్ళు పొయ్యండి. పొద్దుటి ఎండ తగలనివ్వండి."

"సరే."

"మూడోది, దాన్ని బురదలో దింపి, పూటన్నా గట్టు తొక్కనివ్వండి."

రాజు మొహం ముడుచుకుంది.

"అది మాత్రం అడక్కు గవరమ్మా. ఊరందరి ముందూ మాట ఇచ్చాను."

"మాట మీది ప్రభూ. కాళ్ళు దానివి."

"ఇక వెళ్ళు!"

రెండు రోజులు పొంగలి ఆగింది. ఏటినీళ్ళు వచ్చాయి. ఎండ తగిలింది. కరిమబ్బు కళ్ళు కొంచెం తేటపడ్డాయి గానీ అడుగు కదల్లేదు. మూడో రోజు ముందరి మోకాళ్ళ మీదికి కుంగింది. "అమ్మో, కూలబడుతోంది!" అని సింగడు కేకేశాడు.

ఆ కేక విని గవరమ్మ చక్రం మీది కుండను అలాగే వదిలేసింది. గంపెడు తడిమట్టి నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

సాల గుమ్మంలో మంత్రి అడ్డుపడ్డాడు. "ఏయ్ గవరమ్మా! ఊరు వదలాల్సొస్తుంది!"

"వదుల్తాను లెండి. నా చక్రం తిరగడానికి ఇంత చోటు ఎక్కడైనా దొరుకుతుంది. ఇలాంటి ఏనుగు దొరుకుతుందా?"

అంటూనే గుప్పెడు మట్టి తీసి కరిమబ్బు పాదానికి పట్టించింది.

మట్టివాసన తగిలింది. కరిమబ్బు తొండం కదిలింది. మెల్లగా గంప దాకా వచ్చింది. మట్టిని తడిమి తడిమి చూసింది.

అప్పటికే వచ్చి నిలబడ్డ రాజు అది చూశాడు.

"కరిమబ్బూ, నేను చేసిన మర్యాద నీకు నచ్చలేదా?"

"మర్యాద గొప్పదే ప్రభూ. కానీ దాని మీద పడుకోగలను గానీ నడవలేను. గట్టు మీద ఉన్నప్పుడు నా ఒళ్ళెంత బరువో నాకు తెలిసేది కాదు. ఇక్కడ తెలుస్తోంది."

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, శాసనం ప్రకారం ఈమె ఊరు విడవాలి."

రాజు చెప్పులు విడిచాడు. రెండు చేతులూ గంపలో పెట్టాడు. ఏనుగు రెండో పాదానికి తనే మట్టి పూశాడు.

"ఇప్పుడు నేనూ దోషినే. విడవాలి అంటున్నావుగా, విడుస్తాం. గట్టు ఊరి బయటే కదా! పద గవరమ్మా. లే కరిమబ్బూ."

కరిమబ్బు లేచింది. ఎవరూ లేపలేదు.

గట్టు మీద కొత్తమట్టి వదులుగా పడి ఉంది. వానలు దగ్గర పడ్డాయి. ముందు బురదలో పొర్లించారు. తర్వాత నాలుగడుగులు వేయించారు. "చాల్లే తల్లీ, ఈ పూటకు" అంది గవరమ్మ. మర్నాడు నలభై అడుగులు. ఆ పై రోజు ఊరి మలుపు దాకా. కాళ్ళు కదిలాక తైలమూ పనిచేసింది. కడుపు ఖాళీ అయ్యాక లేహ్యమూ పనిచేసింది. ముగ్గురు వైద్యులూ "మేం చెప్పలా!" అన్నారు. పోనీలే, అననిద్దాం.

కరిమబ్బు ముసలిది. మునుపటిలా రోజంతా తొక్కలేదు. పూట తొక్కేది, పూట నీడన నిలబడేది. తొలివాన చినుకు పడే రోజుకి గట్టు ఆ కొస చేరింది. అక్కడ ఆగి, ఏటి ఒడ్డున పచ్చగా పెరిగిన రెల్లును తొండంతో పెరికింది. దులిపింది. నోట్లో పెట్టుకుంది.

"సింగయ్యా, ఆకలేస్తోందిరా" అంది.

సింగడు నవ్వాడో ఏడ్చాడో చెప్పలేను. మొహం మీద వాన పడుతోంది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ: మట్టి, నీరు, ఎండ, మితమైన తిండి ఒంటిని నిలబెడతాయి, చేతనైన పని మనిషిని నిలబెడుతుంది, ప్రేమించినవారికి విశ్రాంతి ఇవ్వండి గానీ, వారు పొద్దున్నే లేచే కారణాన్ని మాత్రం లాక్కోకండి.