రాతిచెరువులో ఈదబోయిన బాతమ్మ

ఒకప్పుడు పెద్దబాతుల కాళ్లన్నీ ఒక్కలాగే ఉండేవి. వేళ్ల మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా తోలు ఉండేది. ఆ తోలుతో నీళ్లను వెనక్కి నెట్టుకుంటూ హాయిగా ఈదేవి. హవాయి దీవుల్లో మాత్రం అప్పటికి ఒక్క బాతూ లేదు.

ఆ రోజుల్లో ఉత్తరాన ఉన్న ఒక చెరువు నుంచి బాతమ్మ, బాతయ్య ఎగురుతూ బయల్దేరారు. దారిలో గాలివాన వాళ్లను ఎత్తి సముద్రం మీదికి విసిరేసింది. ఎటు చూసినా నీళ్లే. నీళ్లంటే బాతుకు ఇష్టమేగా అంటారేమో! అలల మీద గుడ్లెలా పెడుతుంది చెప్పండి? బాతమ్మ కడుపులో గుడ్లున్నాయి మరి.

"ఏమయ్యా, ఇంక నావల్ల కాదు. ఎక్కడైనా దిగుదాం" అంది బాతమ్మ.

అంతలో హవాయి దీవుల్లో ఒకదాని మీద పొగలు కక్కే కొండ కనబడింది. కొండ కింద నల్లగా నిగనిగలాడుతూ పెద్ద చెరువు! దాని మీద మడతలు మడతలుగా అలలు!

బాతమ్మకు వాళ్లమ్మ చిన్నప్పుడే చెప్పింది. "మెరిసేది, అలలుండేది, పారేది చూసుకుని దాని ఒడ్డునే గుడ్లు పెట్టాలమ్మా." ఇంకేం, ఇద్దరూ రెక్కలు ముడిచి చెరువులోకి దూకారు.

ధబ్!

"అబ్బా! నీళ్లు ఇంత గట్టిగా ఉన్నాయేంటి?" అంది బాతమ్మ.

"గడ్డకట్టాయేమోనే" అన్నాడు బాతయ్య.

"గడ్డకడితే చల్లగా ఉండాలిగా! నా కాళ్లు కాలుతుంటేనూ!"

బాతమ్మ ముక్కుతో కింద టకటకా కొట్టింది.

"ఇదిగో, నువ్వు నీళ్లవా, రాయివా?"

"రాయినే. కానీ మొన్నటిదాకా పారాను" అంది రాయి.

"రాయి పారడమేంటి?"

"నిప్పులో ఉన్నప్పుడు నీళ్లలాగే పారాను. కొండ దిగి వచ్చాను, అలలు వేశాను, అలిసిపోయి ఇక్కడ ఆగాను."

బాతమ్మ బుర్ర గిర్రున తిరిగింది. మెరుస్తోంది. అలలున్నాయి. పారానంటోంది. అమ్మ చెప్పినవన్నీ ఉన్నాయి, తడి ఒక్కటే లేదు! అయినా బాతమ్మది మొండిపట్టు. పొట్టను రాతికి ఆనించి కాళ్లు టపటపా ఆడించింది. నేల విడిచి సాము అంటారే, ఇది నీళ్లు విడిచి ఈత. జానెడు దూరం కూడా కదలలేదు కానీ కాలితోలు మాత్రం చీరుకుపోయింది.

కుంటుకుంటూ పక్కనున్న పొద దగ్గరికి వెళ్లింది. "ఓ ముళ్లపొదా, కాస్త నెమ్మదిగా గుచ్చు తల్లీ."

"నాకు ముళ్లు లేవు" అంది పొద.

"ముళ్లు లేకుండా ముళ్లపొదవెలా అయ్యావు?"

"మా పెద్దలకు ఉండేవి. ఇక్కడ నన్ను కొరికే మేకా లేదు, ఆవూ లేదు. ఇంకెందుకని మానేశాను."

బాతమ్మకు ఇంకా అయోమయం పట్టుకుంది. ఆకలి కూడా వేసింది. ఆ పక్కనే ఓహెలో మొక్కలకు ఎర్రటి పళ్లు గుత్తులుగా కాశాయి. గబగబా నాలుగు మింగింది. అంతే! కొండ మీంచి తెల్లటి పొగమంచు దిగి అన్నిటినీ కప్పేసింది. రాయి లేదు, పొద లేదు, బాతయ్యా లేడు.

"ఏమయ్యా! ఎక్కడున్నావు?" అని ఏడుపు గొంతుతో పిలిచింది.

మంచులోంచి ఒక అవ్వ వచ్చింది. పేరు పువలానీ. ఆ దీవిలో అవ్వను టూటూ అంటారు.

"పళ్లు ఎవరికి పెట్టి తిన్నావమ్మా?" అంది టూటూ.

"ఎవరికైనా పెట్టాలా? మొక్కకున్నాయి, తిన్నాను."

"పిచ్చిదానా, ఇక్కడ మొదటి పళ్లు కొండతల్లి పెలేకి. ఆమె నిప్పు పారబట్టే ఈ నేల పుట్టింది. ఇల్లుగలామెకు పెట్టకుండా మేం నోట్లో వేసుకోం."

బాతమ్మకు సగమే అర్థమైంది. అయినా ఒక పండ్లగుత్తి తెంపి కొండవైపు విసిరింది. మంచు మెల్లగా విడిపోయింది. చూస్తే బాతయ్య రెక్క చాపితే తగిలేంత దూరంలో నిలబడి ఆమెనే వెతుకుతున్నాడు!

"ఏం కావాలమ్మా?" అని కొండ మీంచి కొండతల్లి గొంతు వినబడింది.

"చెరువు కావాలి తల్లీ. నేను గుడ్లు పెట్టాలి."

"నా దగ్గర చెరువు లేదు. రాళ్లున్నాయి, పళ్లున్నాయి, ఆకుల మీద మంచునీళ్లున్నాయి. పొదచాటున గూడు కట్టుకో. కానీ ఆ కాళ్లతో రాళ్ల మీద పిల్లల్ని మేతకెలా తిప్పుతావు? ఆ తోలు నాకిచ్చెయ్."

బాతమ్మ తన కాళ్లను చూసుకుంది. చాలా భయమేసింది. "తోలు ఇచ్చేస్తే నేనింకా బాతునేనా? మా అమ్మ చూస్తే నన్ను పోల్చుకుంటుందా?"

"ముళ్లు లేకపోయినా నేను ముళ్లపొదనే కదా" అంది పొద.

"అదే నాకు అర్థం కావట్లేదు!" అంది బాతమ్మ.

కడుపులో గుడ్లు కదిలాయి. ఇక ఆగే వీల్లేదు. "సగం తీసుకో తల్లీ. సగం ఉండనీ" అంది. కొండతల్లి సరేనంది.

పొదచాటున గుడ్లు పెట్టింది. పిల్లలు పుట్టాయి. అమ్మ వెనకే ఒక్కొక్కటీ రాళ్లెక్కి పరుగులు తీశాయి. ఒక పిల్ల ఆగి కాలు పైకెత్తి చూసుకుంది.

"అమ్మా, వేళ్ల మధ్య ఈ తోలుముక్క దేనికి?"

"మీ అమ్మమ్మ వాళ్లకు చెరువుండేది."

"చెరువంటే?"

బాతమ్మ నల్లరాతి వైపు ముక్కు చాపింది. "అదిగో, అలాగే మెరుస్తుంది. అలాగే అలలుంటాయి. కానీ అది కాదు."

పిల్ల రాతిని చూసింది, అమ్మను చూసింది. ఏమీ అర్థం కాక అమ్మ రెక్క కిందికి దూరింది.

అప్పటినుంచే హవాయి పెద్దబాతు చెరువుల్ని వదిలి నల్లరాళ్ల మీద నడుస్తోంది. దాని వేళ్ల మధ్య తోలు ఈనాటికీ సగమే ఉంది. ఆ సగం అమ్మమ్మది.