నూకాలు నోరు మూసుకున్న పూట

సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ నేలని పల్లెవాళ్లు తొండం అంటారు. మూడు పక్కలా ఉప్పునీళ్లు, వెనక ఒకటే దారి. నడుమ మడ అడవీ, బురదమేటలూ, పాడుబడ్డ ఉప్పుమళ్లూ. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి మంచుదేశాల నుంచో ఉల్లంకి పిట్టలు గుంపులుగా దిగుతాయి. వాటి వెనకే, మెడలో దూరం చూసే గొట్టాలు వేలాడేసుకుని పట్నం మనుషులూ దిగుతారు. ఉప్పుమళ్ల గట్టు చివర చాపలేసుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ, గొట్టాలు కళ్లకి పెట్టుకుని పిట్టల్ని చూసి మురిసిపోవడమే వాళ్ల పని. అదేం పనో అని నవ్వకండి, ఎవరి సరదా వాళ్లది.

ఏడాది పొడుగునా అక్కడే కాపురముండేది నూకాలు అనే తీతువు. పీత కదిలినా అరుస్తుంది, ఆకు కదిలినా అరుస్తుంది. తీతువు కూత అపశకునమని మనుషులనుకుంటారు కదా, ఆ మాట పిట్టల దాకా పాకి, దాని మాటంటే ఎవరికీ లెక్కలేకుండా పోయింది. నూకాలుకి మాత్రం తన మీద తనకి గట్టి నమ్మకం. తొండం తన ఇల్లు, వచ్చినవాళ్లు తన చుట్టాలు, వాళ్లకేమైనా అయితే పోయేది తన పరువే.

ఆ ఏడు చెరకు నరుకుళ్లు మొదలయ్యేసరికి తోటలో నీడ కరువై, గవర్రాజు అనే నక్క తొండం చేరాడు. పోటు వచ్చి బురదమేటలు మునిగినప్పుడల్లా ఉల్లంకులన్నీ గట్టెక్కి కూర్చుంటున్నాయి. నోరూరుతోంది గానీ గట్టు చివర మనుషులున్నారాయె. నేరుగా ఉల్లంకుల పెద్ద దగ్గరికే పోయి, దూరంగా మర్యాదగా కూర్చున్నాడు.

"పెద్దాయనా, చెప్పకుండా ఉందామంటే మనసొప్పట్లేదు. ఆ గొట్టాలేంటనుకున్నావు? తుపాకులు. ఇప్పుడు గురి చూసుకుంటున్నారు. మీరంతా ఒకచోట చేరాక పేలుస్తారు."

"మరెక్కడికి పోయేది? మా పిల్లలు అలిసిపోయున్నారు. పోటప్పుడన్నా కాస్త కాళ్లు ముడుచుకోకపోతే బతకరు," అన్నాడు పెద్ద.

"గట్టుకి అవతల ఉప్పునీటి పాయ నడుమ గడ్డిదిబ్బ ఉందిగా. పోటొస్తే చుట్టూ నీళ్లే. మనిషి రాడు, కుక్క రాదు."

"నక్కో?" అంది నూకాలు పైనుంచి ఎగురుతూ.

గవర్రాజు నొచ్చుకున్నాడు. "అన్ని నీళ్లు నేనెట్టా దాటతానమ్మా? శుభమా అని మాట్లాడుకుంటుంటే మధ్యలో నీ నోరొకటి."

నక్క వెళ్లాక నూకాలు పెద్ద పక్కన వాలింది. "ఆ మనుషులు ఏటా వచ్చేవాళ్లే. రాలిన ఈక దొరికితే దాచుకుంటారు గానీ ఎవరి జోలికీ పోరు. నా మాట విను."

"నీ మాటా? నిన్న తాబేలుని చూసి కూడా గోల చేశావు."

"అయితే ఒప్పందం చేసుకుందాం. రేపు పోటుకి ముందే వెళ్లి దిబ్బ చూస్తాను. అంతా బాగుంటే అరుస్తాను, అప్పుడు రండి. నా గొంతు వినబడకపోతే గట్టు మీదే ఉండండి."

పెద్ద నవ్వాడు. "నువ్వు అరవకుండా ఉండటం కూడానా? సరే, అట్టాగే కానీ."

మర్నాడు నీళ్లు తీసి ఉండగానే నూకాలు దిబ్బ మీద వాలింది. ఆరిన పాయలో నడిచొచ్చి నక్కిన గవర్రాజు తోక గడ్డిలో కనబడింది. అరుపు గొంతుదాకా వచ్చింది, మింగేసింది. లోపల గవర్రాజు తనలో తను గొణుక్కుంటున్నాడు: "గుంపు దిగిందంటే ఆ తీతువు ఎటూ అరిచి చస్తుంది. అప్పుడు లేస్తే చాలు. అందాకా ఓ కునుకు తీద్దాం."

నూకాలుకి ప్రాణం లేచొచ్చింది. గవర్రాజు చూసినవన్నీ చిన్న పోట్లు. ఆరోజు అమావాస్య, దిబ్బ మీదికీ నీళ్లెక్కే పెద్ద పోటు.

ఒంటికాలి మీద నిలబడి నోరు కట్టేసుకుంది. కాళ్ల ముందు నుంచి పీత నడిచిపోయింది, పైన గద్ద తిరిగింది. లోపల ఉడికిపోతున్నా గొంతు పెగల్చలేదు. అవతల ఉల్లంకులు ఎదురుచూసి, పిలుపు రాక గట్టు మీదే సర్దుకున్నాయి. పాయ నిండింది, గడ్డి మొదళ్లు మునిగాయి. నూకాలు చప్పుడు కాకుండా గట్టుకి ఎగిరిపోయింది.

గవర్రాజుకి పొట్ట తడిసాక మెలకువ వచ్చింది. దిబ్బ మిగిలింది చాపంత. చుట్టూ నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. చెరకుతోటలో పెరిగినవాడికి అందులో దిగే ధైర్యమెక్కడిది? వణుకుతూ నిలబడేసరికి గట్టు మీద గొట్టాలన్నీ పిట్టల్ని వదిలేసి అతనివైపు తిరిగాయి.

ఉల్లంకుల పెద్ద దిబ్బ మీద నక్కని చూశాడు. పక్కనున్న పిల్లల్ని రెక్క కిందకి లాక్కుని, తర్వాత కేకేశాడు. "గవర్రాజూ, కదలకు. తుపాకులు నీ మీదే ఉన్నాయి."

అప్పుడు విప్పింది నూకాలు నోరు. పొద్దుటినుంచీ దాచిందంతా కలిపి తొండం దద్దరిల్లేలా అరిచింది. అపశకునమన్న పిట్ట ఒక్కటి లేదు.

నీళ్లు తీసేదాకా గవర్రాజు అందరి కళ్ల ముందూ నానాడు. పొంచి ఉండి తినేవాడి మొహం తొండమంతా గుర్తుపెట్టుకున్నాక ఇంక తిండెక్కడ? ఆ సాయంత్రమే తోక ముడుచుకుని నరికిన చెరకుతోటలకే పోయాడు.

ఒకడి అరుపు మీద పన్నాగం కట్టుకున్నవాడు, ఆ అరిచేవాడు ఊరుకున్ననాడు మునుగుతాడు.