నిమ్మకాయ రుచి ఉన్న మణి

గుంటలో దొరికిన ఆకుపచ్చ మణిని నాలుకతో తుడిచినప్పుడు నిమ్మకాయ రుచి తగిలింది. సరిగ్గా అప్పుడే వకుళకి గుండెల్లో ఏదో కలుక్కుమంది.

"పాతకాలం వాళ్లు కూడా నిమ్మకాయలు తినేవాళ్లేమోలే" అని తనకి తనే సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడంలో ఆ ముంగిస పిల్లది ఫస్ట్ క్లాసు. అడవి కాలేజీలో తవ్వకాల చదువులోనూ ఫస్ట్ క్లాసే. కాకపోతే చదువయ్యాక చేతికొచ్చిన మొదటి పని ఇదే. ఎవరైనా "బాగున్నావా?" అని పలకరించినా పరీక్షలో ప్రశ్నలాగే వినబడేది.

ఆ అడవిలో కొత్తగా రైలు వేస్తున్నారు. పట్టాల కింద కట్ట పొయ్యాలి, కట్టకి బోలెడు మట్టి కావాలి. దారికి అడ్డంగా ఒక పాటిదిబ్బ ఉంది. ఎప్పుడో పెద్దలు కాపురమున్న ఊరు, మట్టి కప్పేసి దిబ్బయింది. అలాంటి దిబ్బ మీద పార పెట్టేముందు తవ్వకాలు చదివినవాళ్లు చూసి, లోపల పాతకాలం ఆనవాళ్లు ఉన్నాయో లేదో తేల్చాలని అడవి చట్టం. ఉంటే రైలు పక్కనుంచి తిరిగి వెళ్లాలి. లేకపోతే దిబ్బంతా ఎత్తి కట్టలో పోసేస్తారు.

ఆ దిబ్బలోనే పందికొక్కు సూరమ్మ పిల్లల్తో కాపురముంటోంది. వకుళ మొదటిరోజు వెళ్లినప్పుడు ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

"ఏమ్మా, మీ తాత మా మామని తిన్నాడు. తెలుసా?"

"ఆ అలవాటు మా ఇంట్లో మానేశాం అత్తా. ఇప్పుడంతా చదువులే."

"చదువుకున్నవాళ్లకి ఆకలెయ్యదా?"

"భయంతో వెయ్యదత్తా."

సూరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే లోపలికి రానిచ్చి వేరుశనక్కాయలు పెట్టింది. "ఇంతకీ మా ఇల్లు ఉంటుందా, పోతుందా? అదొక్కటీ చెప్పు."

"ఉంటుందత్తా. నా డిగ్రీ మీద ఒట్టు."

వంటింటి పక్కన మేకులు కొట్టి, దారం కట్టి, నలుపలకలుగా గుంట తవ్వింది వకుళ. పైపైన పారతో, లోపలికెళ్లేకొద్దీ చేత్తో, చివరికి తన తోకనే కుంచెలా ఆడిస్తూ తుడిచింది. అడుగున గట్టిమట్టిలో కుండలు కనబడ్డాయి. నల్లవీ ఎర్రవీ, పక్కన పొయ్యి బూడిద. అవి చాలు. అప్పుడే వెళ్లి చెప్పేసుంటే కథ అక్కడితో అయిపోయేది.

కానీ కట్ట కాంట్రాక్టరు, నక్క శంఖయ్య, గుంట గట్టు మీదికొచ్చి కూర్చున్నాడు. రైలు తిన్నగా పోతే దిబ్బమట్టి పక్కనే ఉంటుంది. తిరిగి పోతే ఏటి అవతలనుంచి మట్టి తోలుకోవాలి. ఆ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు.

"ఏం దొరికింది అమ్మాయిగారూ?"

"కుండలు మామగారూ!"

"కుండలా?" శంఖయ్య జాలిగా చూశాడు. "ఫస్ట్ క్లాసు పిల్ల కుండలు పట్టుకొచ్చిందంటే నలుగురూ ఏమనుకుంటారు? మా ఇంట్లోనూ ఉన్నాయి కుండలు. ఈ దిబ్బలో రాజులున్నారని మా నాయనమ్మ చెప్పేది. ఆ వంటింటి గోడవైపు ఇంకాస్త చూడకూడదూ?"

మర్నాడు అటు చూస్తే మణి దొరికింది. అక్కడ మట్టి పిండిలా మెత్తగా ఉంది, చెయ్యి సులువుగా దిగిపోయింది. బొరియ మట్టి మెత్తగా ఉంటుందని, పైన పడ్డ వస్తువు బొరియెంట జారి అడుక్కి చేరుతుందని, దాన్ని చూసి మోసపోకూడదని వకుళ పరీక్షలో రాసింది. ఆ జవాబుకి నిండా మార్కులొచ్చాయి కూడా. మణి చూడగానే మార్కులొక్కటే గుర్తొచ్చాయి, జవాబు గుర్తురాలేదు.

శంఖయ్య అడవంతా చాటింపు వేయించాడు. సన్మానమన్నాడు. రైలు పనులు చూసే ఏనుగు దొరగార్ని పిలిచాడు, వేదిక కట్టించాడు, వచ్చినవాళ్లందరికీ సోడాలు పంచాడు. వకుళ మెళ్లో బంతిపూల దండ నేలకి తగులుతోంది.

"సభకి నమస్కారం" అంది వకుళ. "ఇది మామూలు రాయి కాదు. వేల ఏళ్ల కిందటి మహారాజుగారి కిరీటంలోని మణి!"

మణిని పైకెత్తి పట్టుకుంది. చప్పట్లు రాలేదు.

జనమంతా మణివైపు చూశారు. తర్వాత ఎవరి చేతిలోని సీసావైపు వాళ్లు చూసుకున్నారు. ప్రతి నిమ్మకాయ గోలీసోడా సీసా మెడలోనూ అదే ఆకుపచ్చ గోలీ, గుండ్రంగా, నిగనిగలాడుతూ కూర్చుని ఉంది.

"ఓసి పిచ్చిపిల్లా!" అంది వెనకనుంచి ఒక మేక. "అయితే నేనిప్పుడు మహారాణీనా?"

సభంతా గొల్లుమంది. కోతులు సీసాలు నెత్తిన పెట్టుకుని కిరీటాల్లా ఊరేగాయి. దండలో తల దూర్చుకుని వకుళ బంతిపూలు లెక్కపెడుతున్నట్టు నటించింది. నిమ్మకాయ రుచి మళ్లీ నోట్లోకొచ్చింది.

శంఖయ్య వేదికెక్కాడు. "దొరా, పాపం చిన్నపిల్ల, తప్పు పట్టకండి. తప్పంతా ఆ దిబ్బది. లోపలంతా బొరియలు! నిన్నటి గోలీ అడుక్కి పోగా లేంది, కుండలు పోవా? అవీ అలా జారినవే."

"కుండలు గట్టిమట్టిలో ఉన్నాయి దొరా" అంది వకుళ.

"గోలీని కిరీటంలో పెట్టిన నోరేనా అది?" అన్నాడు ఏనుగు దొర.

శంఖయ్యకి ఊపొచ్చింది. చెయ్యెత్తి అరిచాడు. "నేను చెబుతున్నా వినండి! ఆ దిబ్బలో ఏది పాతదో ఏది కొత్తదో ఎవ్వరికీ తేలదు! అంతా కలగాపులగం! తేలిందని ఎవరన్నా నేనొప్పుకోను!"

వకుళకి పోవడానికి పరువేమీ మిగల్లేదు. పరువు లేకపోయేసరికి బుర్ర కాస్త ఖాళీ అయి పనిచేసింది.

"దొరా, మామగారు చెప్పింది నిజం" అంది మెల్లిగా. "ఏదీ తేలలేదు. తేలని దిబ్బ మీద పార పెట్టొచ్చా?"

ఏనుగు దొర చెవులు ఆగిపోయాయి. "పెట్టకూడదు. అది మా అమ్మమ్మ చేసిన చట్టం."

"అయ్యయ్యో, నేనేదో మాటవరసకి..." అన్నాడు శంఖయ్య.

"ఇంతమందిలో అంతలా అరిచింది మాటవరసకా? బొరియలన్నీ విప్పి చూసి తేల్చేదాకా ఇక్కడ పని బంద్. అప్పటిదాకా నీ కట్టకి ఏటి అవతలనుంచి మట్టి తోలు."

"ఏటవతలనుంచా?" బండికి కట్టిన ఎద్దు అక్కడికక్కడే పడుకుని నెమరు మొదలెట్టింది. "నన్ను మాట్లాడుకున్నప్పుడు ఏరు సంగతి చెప్పలేదు శంఖయ్యా. నేను దిగను."

ఆ సాయంత్రం నక్క గంప నెత్తిన పెట్టుకుని, తోక తడవకుండా ఎత్తిపట్టుకుని, తనే ఏట్లోకి దిగుతుంటే గట్టున జనం మిగిలిన సోడాలు తాగుతూ చూశారు. సన్మానం అప్పుడు రక్తి కట్టింది.

నీతి: ఎదుటివాళ్ల నోరు మూయించాలని మరీ గట్టిగా అరిస్తే, ఆ అరిచిన మాటకి మనమే కట్టుబడాల్సి వస్తుంది.

నీతి నక్కకి సరిగ్గా సరిపోయింది. వకుళ సంబరంగా ఒక గంతేసింది. గాల్లో ఉండగానే ఏనుగు దొర మాట వినబడింది.

"అమ్మాయీ, బొరియలన్నీ నువ్వే తవ్వాలి. వానలు పడేలోగా తేల్చు. లేదంటే తేల్చేవాళ్లని శంఖయ్యే తెచ్చుకుంటాడు. ఈసారి దొరికినవాటిని కిరీటాల్లో పెట్టకు."

దిబ్బ దగ్గరికి రాగానే సూరమ్మ దోసిలి నిండా వేరుశనక్కాయలు పెట్టింది. "బతికించావమ్మా! ఇంక మా ఇంటికి ఢోకా లేదుగా?"

వకుళ ఒలిచిన గింజని మళ్లీ తొక్కలో పెట్టేసింది. బొరియలంటే ఏమిటి? వంటిల్లు బొరియ. పిల్లలు పడుకునే గది బొరియ. తవ్వితే కుండలు పాతవని రుజువవుతుంది, రైలు తిరిగిపోతుంది, దిబ్బ దక్కుతుంది. అందులో సూరమ్మ ఇల్లు మాత్రం ఉండదు. తవ్వకపోతే వానలొస్తాయి, శంఖయ్య మనుషులొస్తారు, ఇల్లూ పోతుంది, దిబ్బా పోతుంది. డిగ్రీ మీద ఒట్టేసింది. ఆ డిగ్రీ విలువ అడవంతా చూసేసింది.

"తినవేమ్మా? ఇప్పుడు కూడా భయమేనా?" అని లోపల్నుంచి కేకేసింది సూరమ్మ.

వకుళ గుంట గట్టు మీద కూర్చుని, తోక ఒళ్లో పెట్టుకుని, ఈ కథ చదువుతున్న మీవైపు తిరిగింది. "ఇందాక నేను మణి అన్నప్పుడు మీరు కూడా నవ్వారుగా? నవ్వితే నవ్వారు, అంత తెలివున్నవాళ్లు ఇది కూడా చెప్పండి. రేపు పొద్దున ఆ వంటింటి గుమ్మం ముందు దారం కట్టనా? అత్తకేం చెప్పి కట్టను?"