ఉత్తరీయం చాటు వెల

ఒకానొక కాలంలో కనకవరం అని ఓ రాజ్యం ఉండేది. ఎక్కడుందని అడక్కండి, నాకూ తెలియదు. దాన్ని ఏలే రాజు చండకేతుడు. మనసు చెడ్డది కాదు పాపం, గొప్పల పిచ్చి మాత్రం జాస్తి. ఆయన తుమ్మినా సభలో ఎవరో ఒకరు "ఆహా!" అనాల్సిందే.

ఒకసారి కోట వెనక బావి తవ్విస్తుంటే ఒక రాయి బయటపడింది. మారేడుకాయంత ఉంది. సానపట్టించి చూస్తే పగటి వెలుగులో పచ్చి ఉసిరికాయ రంగు, దీపం దగ్గర పెడితే వంకాయ రంగు! ఇదేం రాయో ఎవరికీ అంతుబట్టలేదు. రాజుగారు మాత్రం ఆలస్యం చేయకుండా 'చండమణి' అని తన పేరే పెట్టేశాడు.

వెల కట్టడానికి రత్నాల వీధి పెద్ద పేరిశెట్టిని పిలిపించారు. నలభై ఏళ్లుగా రాళ్లు పరీక్షిస్తున్న ముసలాయన. రాయిని ఎండలో తిప్పి చూశాడు, నీళ్లలో ముంచి చూశాడు, తూచాడు. చివరికి చేతులు కట్టుకుని ఉన్నమాట చెప్పాడు.

"రంగు అద్భుతం మహారాజా. కానీ లోపల సన్నటి జీర ఉంది. పైగా పేరు తెలియని రాయి, కొనేవాడు దొరకడం కష్టం. వెయ్యి వరహాలు చేస్తుంది."

"వెయ్యా!" రాజుగారు సింహాసనం మీంచి సగం లేచాడు. "మా గుర్రం జీను చేస్తుందయ్యా అంత! మా పేరున్న మణి వెల కోటి. మేమంటున్నాం, కోటి!"

అక్కడితో ఆగినా బాగుండేది. విజయదశమికి పొరుగు రాజు వస్తున్నాడు. ఆయన పక్కన మణిని తలపాగాలో పెట్టుకుని ఊరేగాలని మన రాజుగారి ముచ్చట. అందుకని ఇంకో ఆజ్ఞ వేశాడు. ఇప్పుడు మనం బీమా అంటామే, ఆ రోజుల్లో పూచీ అనేవారు.

"మణి పోయినా, పగిలినా రత్నాల వీధి వర్తకులంతా కలిసి మాకు కోటి వరహాలు ఇచ్చుకోవాలి. రేపు పొద్దున పూచీ పత్రం మీద నువ్వు చేవ్రాలు చెయ్యి శెట్టీ. ఇంత పూచీ ఉన్న మణి ఏ రాజు దగ్గరైనా ఉందా?"

పేరిశెట్టి లెక్క వేసుకున్నాడు. వీధి మొత్తం అమ్మినా కోటిలో పదో వంతు రాదు. రాజుగారు గుర్రమెక్కితే ఒంటి మీద స్పృహ ఉండదు. ఏ కుదుపుకో రాయి జారిపోయిందంటే పాతిక కుటుంబాలు కట్టుబట్టలతో వీధిన పడాలి. ఆయన ఇంటికి కూడా వెళ్లకుండా తిన్నగా మాచన్న దగ్గరికి పరిగెత్తాడు.

మాచన్న అంటే ఆస్థానంలో రాజుగారిని నవ్విస్తూనే నిజం చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి. అప్పుడాయన తలకు నూనె పట్టించుకుని పెరట్లో ఎండలో కూర్చున్నాడు.

"మాచన్నగారూ, మా కొంప మునిగింది!"

"ఇంకా మునగలేదుగా శెట్టిగారూ, చేవ్రాలు రేపు కదా," అన్నాడు మాచన్న, సంగతంతా విని. "ఒక్కటి చెప్పండి. మీ వీధిలో పెద్ద రాళ్ల బేరం ఎలా సాగుతుంది?"

"పైకి మాట్లాడమండీ. చేతుల మీద గుడ్డ కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుని వెల చెప్పుకుంటాం. పక్కవాడికి తెలియకూడదు కదా."

"ఇంకేం కావాలి! రేపు మీ వీధి తరఫున నేను మాట్లాడతా. మీరు నోరు మెదపకండి. వెళ్లి హాయిగా భోంచేయండి."

"ముద్ద దిగితే కదా నాయనా!" అంటూ ముసలాయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

మర్నాడు సభ కిటకిటలాడింది. లేఖకుడు పత్రం తెచ్చాడు. మాచన్న ముందుకొచ్చి నమస్కరించాడు.

"మహారాజా, వర్తకులు పూచీకి సిద్ధం. కోటికే సిద్ధం. కాకపోతే చిన్న మాట. ధనాగారానికి పూచీ పడ్డవాడు దగ్గర లేకుండా ఏలినవారైనా తలుపు తీయకూడదని తమరే శాసనం చేశారు. నష్టం ఎవడు మోస్తాడో జాగ్రత్తలు వాడే చెప్పాలన్నారు. ఆ శాసనం దీనికీ వర్తిస్తుంది కదా?"

"మా శాసనం అన్నిటికీ వర్తిస్తుంది!" రాజుగారు మీసం దువ్వాడు.

"అయితే కోటి వరహాల మణి ఇనప్పెట్టెలో ఉండాలి. ఏడు తాళాలు. ఏడుగురు వర్తకుల దగ్గర ఏడు తాళంచెవులు. ఏడుగురూ వస్తేనే పెట్టె తెరవాలి. అందులో ఒకాయన మొన్ననే కాశీ బయల్దేరాడు. ఆరు నెలల్లో వచ్చేస్తాడు లెండి."

రాజుగారి మీసం మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది. మాచన్నను దగ్గరికి రమ్మని సైగ చేసి చెవిలో అన్నాడు. "ఒరే, విజయదశమి ఎల్లుండేరా!"

"కోటి అంటే అంతే మహారాజా, నేనేం చేయను?" మాచన్నా గొంతు తగ్గించాడు. "వెల దిగితే జాగ్రత్తలూ దిగుతాయి. అయితే నిండు సభలో వెల దించడం తమకు అప్రతిష్ఠ. రత్నాల వీధి పద్ధతిలో గుడ్డ చాటున తేల్చుకుందాం. అయిదు వేళ్లూ చాపితే కోటి. ఒక్కో వేలు ముడిస్తే పదో వంతుకు దిగుతుంది."

"మాకు తెలియదనుకున్నావా! ఇవన్నీ మాకు కరతలామలకం," అన్నాడు రాజుగారు. నిజానికి ఆ పద్ధతి ఆయన అప్పుడే వింటున్నాడు.

మాచన్న తన ఉత్తరీయం ఇద్దరి చేతుల మీదా కప్పాడు. సభంతా మెడలు సాచి చూస్తోంది. రాజుగారు బొటనవేలు ముడిచాడు.

"పది లక్షలు," మాచన్న గుసగుసలాడాడు. "మణిని తలపాగాలో పెట్టుకోవచ్చు. కానీ తమ తలకు అటొకడు ఇటొకడు కత్తులు దూసి నిలబడాలి."

"తల తిప్పితే?"

"తిప్పకూడదు మహారాజా."

చూపుడు వేలు ముడుచుకుంది. మాచన్న పైకి మాత్రం "ఆహా! మహారాజంటే ఇలా ఉండాలి!" అని గట్టిగా అన్నాడు. వెల పెరుగుతోందనుకుని సభ చప్పట్లు కొట్టింది.

"లక్షకు కత్తులు తీసేద్దాం. తలపాగా జారకుండా గడ్డం కింద తోలుపట్టీ బిగించాలి."

"మేం రాజులమా గుర్రాలమా!" మధ్యవేలు ముడుచుకుంది.

"పదివేలకు పట్టీ వద్దు. కానీ కుదుపు తగలకూడదు కనక గుర్రం, ఏనుగు ఎక్కకూడదు. పొరుగు రాజు ఏనుగు మీద, తమరు పక్కన నడుచుకుంటూ..."

మాట పూర్తి కాకముందే ఉంగరపు వేలు టక్కున ముడుచుకుంది. చిటికెన వేలొక్కటే మిగిలింది.

"దీనికి?" రాజుగారి నుదుట చెమట పట్టింది.

"దీనికి ఏ ఆంక్షా లేదు. గుర్రమెక్కండి, ఏనుగెక్కండి, తమ ఇష్టం."

"ఖాయం!" అని రాజుగారు చెయ్యి లాక్కున్నాడు.

"పది కోట్లకు తక్కువుండదు!" అన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు పక్కవాడితో. రాజుగారు విన్నాడు, కాదనలేదు.

పత్రంలో అంకె వేసే చోటు ఖాళీగా ఉంచి, ఏలినవారి స్వహస్తంతోనే రాయాలని మాచన్న కోరాడు. రాజుగారు గంటం తీసుకుని 'వెయ్యి వరహాలు' అని రాశాడు. రాసినదాన్ని చూసుకున్నాడు. తలెత్తి పేరిశెట్టి వంక చూశాడు. ముసలాయన కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.

మరుక్షణం రాజుగారు పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. మాచన్నను దగ్గరికి లాక్కుని చెవిలో అన్నాడు.

"ఓరి మాచన్నా! శెట్టి చెబితే కసిరాను. అదే వెల నా వేలితో నాచేతే చెప్పించావు కదరా!" మేము, మాకు అనడం కూడా మర్చిపోయాడు.

"వెల కట్టింది ఏలినవారే మహారాజా. నేను గుడ్డ పట్టుకున్నానంతే."

పేరిశెట్టి పత్రం చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. వెయ్యయితే వీధంతా కాదు, తనొక్కడే మోయగలడు. కళ్లనీళ్లు కారుతుంటేనే చేవ్రాలు చేశాడు. రాజుగారు ఆయన్ని అక్కడికక్కడే కోటకు రత్న పరీక్షకుడిగా నియమించి, "ఇకనుంచి నువ్వు చెప్పిందే వెల శెట్టీ," అన్నాడు.

తర్వాత తన భుజం మీది జరీ శాలువా తీసి మాచన్నకు కప్పాడు. గొప్పలు ఒక్క పూటలో పోతాయా? గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"మాచన్నా, ఇది మామూలు శాలువా కాదు. దీని వెల ఎంతనుకున్నావు..."

మాచన్న రెండు చేతులూ జోడించాడు. "తమకు పుణ్యముంటుంది మహారాజా, వెల చెప్పకండి! చలికాలం వస్తోంది, నేను కప్పుకోవాలి!"

సభంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది రాజుగారే.